సోలార్ ఆగిపోయిందా? ముందు గడియారం చూడండి

"బాబాయ్, మన సోలార్ చచ్చిపోయింది" అని పక్కింటి కుర్రాడు ఫోన్ చేస్తే నేను అడిగేది ఒకటే: "ఎన్ని గంటలకి?"

మా డాబా మీద ప్యానెళ్లు పెట్టించి నాలుగేళ్లయింది. మొదటి ఏడాది ఇన్వర్టర్ (ప్యానెళ్ల డీసీ కరెంటుని ఇంట్లో వాడే ఏసీగా మార్చే పెట్టె) మీద ఎర్రలైటు వెలిగితే చాలు, బిగించినతనికి ఫోన్ కొట్టేవాణ్ణి. రెండుసార్లు వచ్చాడు. మూడోసారి నుంచి ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇక నేర్చుకోక తప్పలేదు. అలా తెలిసొచ్చిందేమిటంటే, ప్యానెల్ మీద అనుమానం అన్నిటికంటే ఆఖర్న పెట్టుకోవాలి. కదిలే భాగం ఒక్కటీ లేని వస్తువు అది. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ ముగ్గురూ కలిసి చేసి చూపించిన సిలికాన్ సెల్‌కీ (ప్యానెల్లో వెలుతురుని కరెంటు చేసే పలక), ఇప్పుడు మన డాబా మీద ఎండకి పడున్న సెల్‌కీ సూత్రం ఒకటే. అప్పట్లో పడిన ఎండలో 6 శాతం కరెంటయ్యేది, ఇప్పుడు 20 శాతం దాటుతోంది, అంతే తేడా. చెడేవి దాని చుట్టూ ఉన్నవి: కనెక్టర్లు, వైర్లు, ఇన్వర్టర్, స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీసు వైరు. వీటిలో చెడింది ఏదో, సిస్టమ్ ఏ వేళకి ఆగుతోందో చూస్తే సగం తెలిసిపోతుంది.

ఇక్కడి లెక్కలన్నీ బ్యాటరీ లేకుండా నెట్ మీటర్‌తో (లైన్ నుంచి తీసుకున్నదీ, లైన్‌కి పంపిందీ రెండూ లెక్కేసే మీటరు) నడిచే 3 కిలోవాట్ల సిస్టమ్‌వి. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, ఒకే వరసలో. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో కేంద్రం సబ్సిడీ 3 కిలోవాట్లకి 78,000 రూపాయలు. ఆపైన ఎంత పెట్టించుకున్నా అంతే. అందుకే మా వైపు అందరూ మూడుకే మొగ్గుతున్నారు.

ఏదైనా ముట్టుకునే ముందు ఒక్క మాట. ఈ ఆరు ప్యానెళ్లూ కలిస్తే దాదాపు 300 వోల్టుల డీసీ ఉంటుంది. ఇంట్లో వచ్చే ఏసీ సెకనుకి 100 సార్లు సున్నాకి దిగుతుంది కాబట్టి దాని నిప్పురవ్వ ఆరిపోయే వీలుంది. డీసీకి ఆ సున్నా లేదు, ఒకసారి రవ్వ అంటుకుంటే అలా మండుతూనే ఉంటుంది. ఇన్వర్టర్ ఆపినా, ఎండ ఉన్నంతసేపు ప్యానెల్ వైర్లలో వోల్టేజీ పోదు. సిస్టమ్ నడుస్తుండగా డాబా మీద కనెక్టర్లు పీకకండి. ఆపాలంటే ముందు ఏసీ ఎంసీబీ (ఇన్వర్టర్‌ని ఇంటి లైన్‌కి కలిపే స్విచ్), తర్వాత డీసీ ఐసొలేటర్ (ప్యానెళ్ల వైర్లని ఇన్వర్టర్ నుంచి విడదీసే స్విచ్). ఆన్ చేసేటప్పుడు తిరగేసి.

కరెంటు పోతే సోలార్ కూడా పోతోంది

ఇది జబ్బు కాదు, కావాలని పెట్టిన గుణం. లైన్ ఆపి లైన్‌మాన్ స్తంభం ఎక్కి ఉండగా మన డాబా మీది కరెంటు తీగలోకి పోతే అతని ప్రాణం మీదికొస్తుంది. అందుకే గ్రిడ్, అంటే వీధి లైన్లో కరెంటు, లేదని తెలిసిన క్షణంలోనే ఇన్వర్టర్ విడిపోతుంది. కరెంటు తిరిగొచ్చాక కొద్ది నిమిషాలు ఆగి, లైన్ నిలకడగా ఉందనుకున్నాకే కలుస్తుంది. కోతల్లో కూడా సోలార్‌తో ఫ్యాన్ తిరగాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టించుకోవాలి. ఇన్వర్టర్‌ని మోసం చేయడానికి జనరేటర్ కలిపేవాళ్లున్నారు. ఆ పని చేయకండి, రెండూ కాలిపోతాయి.

పదకొండు నుంచి రెండు మధ్య ఆగి ఆగి నడుస్తోంది

మా వీధిలో ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. బిగించినవాళ్లు తప్పుగా తేల్చేది కూడా ఎక్కువగా ఇదే. పొద్దున బాగానే ఉంటుంది. ఎండ నడినెత్తికి వచ్చే వేళకి "గ్రిడ్ ఓవర్ వోల్టేజ్" అని ఇన్వర్టర్ విడిపోతుంది. కాసేపటికి కలుస్తుంది, మళ్లీ విడిపోతుంది. రోజులో మేలైన మూడు గంటలూ అలా కారిపోతాయి.

మనింటి కరెంటు స్తంభం వైపు పోవాలంటే ఇన్వర్టర్ దగ్గర వోల్టేజీ స్తంభం దగ్గరకంటే కాస్త ఎత్తుగా ఉండాలి. దారిలో వైరు సన్నమైనకొద్దీ ఆ ఎత్తు పెరగాలి. 3 కిలోవాట్లంటే 13 ఆంపియర్లు. స్తంభం 30 మీటర్ల దూరంలో ఉండి, ఎప్పుడో ఇల్లు కట్టినప్పుడు లాగిన 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం వైరే ఇంకా ఉంటే, రానూపోనూ 60 మీటర్లకి 5 వోల్టుల పైనే ఎత్తు కావాలి. మిట్టమధ్యాహ్నం వీధిలో లోడ్ తక్కువగా ఉండి స్తంభం దగ్గరే 248 ఉందనుకోండి, మన దగ్గర 253 దాటుతుంది. 230కి 10 శాతం పైన అంటే 253. అది దాటితే విడిపోవాలన్నది మామూలు లెక్క. కొన్ని మోడళ్లలో ఇంకాస్త పైకి పెట్టి ఉంటుంది.

తేల్చుకోవడం తేలిక. మధ్యాహ్నం ఇన్వర్టర్ తెరమీద గ్రిడ్ వోల్టేజీ రాసుకోండి. ఏసీ ఎంసీబీ దించి, ఇంట్లో ఏ సాకెట్‌లోనైనా మల్టీమీటర్‌తో మళ్లీ చూడండి. దించగానే నాలుగైదు వోల్టులు పడితే తప్పు మన సర్వీసు వైరుది. 10 చదరపు మిల్లీమీటర్లది వేయిస్తే ఆ ఎత్తు రెండు వోల్టులకి దిగుతుంది. దించినా 250 పైనే ఉంటే గొడవ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర. దాని వోల్టేజీని ఎక్కువ తక్కువ చేసే ట్యాప్ మార్చాల్సింది కరెంటాఫీసువాళ్లే. 1912కి ఫోన్ చేసి, మూడు రోజుల మధ్యాహ్నం రీడింగుల ఫొటోలు ఏఈకి (అక్కడి అసిస్టెంట్ ఇంజనీరు) చూపించండి. "సోలార్ పనిచేయట్లేదు" అంటే మీ సోలార్ వాణ్ణి అడగండంటారు. "మా ఇంటికి 256 వోల్టులు వస్తోంది" అంటే అది వాళ్ల పని అవుతుంది.

వోల్టేజీతో పాటు ఇంట్లో లైట్లు కూడా ఉన్నట్టుండి ప్రకాశించి మళ్లీ మందగిస్తుంటే అది వదులు న్యూట్రల్. దానికి మర్నాటిదాకా ఆగకూడదు. ఫ్రిజ్, టీవీ కూడా పోతాయి. అదే రోజు స్తంభం దగ్గరి జాయింటు చూపించండి.

ఎండలు మండిపోతున్నాయి, యూనిట్లు మాత్రం ఫిబ్రవరికంటే తక్కువ

ప్యానెల్‌కి కావలసింది వెలుతురు, వేడి కాదు. 540 వాట్లనే ముద్ర సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి మాట. రోహిణి కార్తె మధ్యాహ్నం సెల్ 65 డిగ్రీలకి చేరుతుంది. డిగ్రీకి దాదాపు 0.35 శాతం చొప్పున 40 డిగ్రీలకి 14 శాతం పోయి 465 వాట్లే మిగులుతుంది. దీనికి మందు లేదు. ప్యానెళ్లకీ శ్లాబుకీ మధ్య గాలి ఆడే ఎత్తు ఉంటే కాస్త నయం. రేకుల మీద అంటించినట్టు బిగించినవాళ్లకి నష్టం ఎక్కువ.

ఇన్వర్టర్ పడమటి గోడకి ఉంటే మాత్రం మందు ఉంది. ఎండ నేరుగా తగిలితే అది తనను తాను కాపాడుకోవడానికి ఉత్పత్తి తగ్గించుకుంటుంది. మూడు దాటాక ఫోన్ యాప్‌లో ఉత్పత్తి గ్రాఫ్ ఉన్నపళంగా మెట్టు దిగినట్టు పడితే అదే. పైన చిన్న రేకు నీడ వేయించి, వెనక రెక్కల్లో పట్టిన బూజు దులిపించండి.

చలికాలంలో మధ్యాహ్నం గ్రాఫ్ 3000 దగ్గర బల్లపరుపుగా ఉందని కంగారు పడేవాళ్లూ ఉన్నారు. 3240 వాట్ల ప్యానెళ్లకి 3000 వాట్ల ఇన్వర్టర్ పెడితే అలాగే ఉంటుంది. అది ఆరోగ్యం.

సంక్రాంతి రోజుల్లోనే తగ్గుతోంది, వేసవిలో బాగానే ఉంటోంది

నీడ. "మా డాబా మీద నీడే పడదండీ" అంటారు, చూసింది మే నెలలో. మే, జూన్ నెలల్లో మన దగ్గర మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి ఒరుగుతాడు. ధనుర్మాసంలో విజయవాడ దగ్గర మిట్టమధ్యాహ్నం కూడా 50 డిగ్రీలే లేస్తాడు, అదీ దక్షిణాన. మూడింటికి 30 డిగ్రీలకి దిగిపోతాడు. అప్పుడు నిలువెత్తు వస్తువు నీడ దాని ఎత్తుకి ముప్పావు రెట్టు ఎక్కువ సాగుతుంది. దక్షిణం వైపు వాటర్ ట్యాంకు, పక్కింటివాళ్లు కొత్తగా లేపిన పిట్టగోడ, కొబ్బరిమట్ట వెతకండి.

నీడ కొంచెమే కదా అనుకోవద్దు. సెల్స్ అన్నీ దండలో పూసల్లా ఒకే వరసలో ఉంటాయి. ఒక్క సెల్ మీద నీడ పడితే ఆ వరస మొత్తానికి దారి ఇరుకవుతుంది. అందుకే ప్రతి ప్యానెల్ వెనక పెట్టెలో మూడు బైపాస్ డయోడ్లు పెడతారు. అవి నీడ పడిన మూడో వంతుని పక్కనపెట్టి మిగతా కరెంటుని దాటిస్తాయి. ఆరింటిలో నాలుగు ప్యానెళ్లకి తలా కొంచెం నీడ తగలడంకంటే ఒక్కదానికి పూర్తిగా తగలడమే నయం. ట్యాంకుని కదిలించలేకపోతే, నీడ తగిలే ప్యానెళ్లకి మాత్రం వెనక ఆప్టిమైజర్ (ఒక ప్యానెల్ మీది నీడ మిగతావాటిని లాగకుండా చూసే చిన్న పెట్టె) పెట్టించుకోవచ్చు. బట్టలారేసే తీగ విషయం ఇంట్లో మాట్లాడుకోవాల్సింది, అందులో నేను జోక్యం చేసుకోను.

రోజంతా కొంచెం కొంచెంగా తగ్గింది

ముందు దుమ్ము. పైనుంచి శుభ్రంగా కనిపిస్తుంది, దగ్గరికెళ్లి కింది ఫ్రేమ్ అంచు చూడండి. వాలు తక్కువైతే వాన నీళ్లు అక్కడ ఆగి, ఆరి, బురద గీత కడతాయి. నిలువుగా (పొట్టి అంచు కిందికి వచ్చేలా) బిగించిన ప్యానెల్‌లో ఆ గీత కింది వరస సెల్స్‌ని మూస్తుంది, మూడు భాగాలూ కలిపి దెబ్బతింటాయి. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. పొద్దున ఏడులోపు కడగండి. మధ్యాహ్నం కాలుతున్న గాజు మీద చన్నీళ్లు పోస్తే పగలొచ్చు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే తెల్లపొర కడుతుంది. దాన్ని గీకడానికి స్టీలు పీచు, యాసిడ్ వాడితే గాజు మీది పూత పోతుంది. కడిగాక రబ్బరు వైపర్‌తో నీళ్లు లాగేస్తే పొరే కట్టదు.

కడిగినా మారకపోతే యాప్‌లో డీసీ వోల్టేజీ చూడండి. ఆరు ప్యానెళ్లు నడుస్తున్నప్పుడు 245 ప్రాంతంలో ఉంటుంది, వేసవిలో ఇంకాస్త తక్కువ. పోల్చాల్సింది నిరుడు ఇదే నెల, ఇదే గంటతో. 14 వోల్టులు తగ్గితే ఒక ప్యానెల్‌లో మూడో వంతు పోయినట్టు. పిడుగుల వానకి డయోడ్ కాలి ఉండొచ్చు, లేదా సెల్ చిట్లి ఉండొచ్చు. 40 తగ్గితే మొత్తం ప్యానెలే పక్కకి పోయింది.

సెల్ చిట్లడానికి రాయి పడక్కర్లేదు. కడిగేవాడు ప్యానెల్ మీద మోకాలు ఆనించినా చాలు, గాజు బాగానే ఉంటుంది, లోపల సిలికాన్ పగులుతుంది. ఈ పగుళ్ల గురించి ఒక తమాషా ఉంది. 1940లో బెల్ ల్యాబ్స్‌లోనే రస్సెల్ ఓల్ అనే ఆయన చేతికి పగులున్న సిలికాన్ ముక్క ఒకటి వచ్చింది. దానిమీద వెలుగు పడితే కరెంటు పుడుతోంది. మలినాలు రెండు రకాలుగా విడిపోయిన సరిహద్దు ఆ పగులు దగ్గరే ఉందని తేలింది, ఆ సరిహద్దే ఇవాళ్టి సెల్‌కి ప్రాణం. మనింట్లో పగిలినదానికి మాత్రం వారంటీ రాదు. కాలు మోపిన దెబ్బని కంపెనీలు ఒప్పుకోవు.

వాన వెలిసిన మర్నాడు పొద్దున లేవదు, పదింటికి దానంతటదే లేస్తుంది

తెరమీద "ఐసొలేషన్" అనే మాట కనిపిస్తుంది. ఎక్కడో డీసీ వైరు చర్మం పోయి తడి ద్వారా ఫ్రేముకి కరెంటు కారుతోంది. ఎండకి ఆరగానే సర్దుకుంటుంది, అందుకే బిగించినతను పదకొండింటికి వచ్చి "బాగానే ఉంది కదా సార్" అని వెళ్లిపోతాడు. మా ఇంట్లో మూడు వానలదాకా ఇదే నాటకం. చివరికి దొరికింది ఉడత కొరికిన వైరు, ప్యానెల్ కింద, చెయ్యి దూరని చోట. కొన్ని ఊళ్లలో ఆ పని కోతులు చేస్తాయి.

శ్లాబు మీద నీటి మడుగులో పడున్న కనెక్టర్లు, ఇనుప చట్రం అంచుకి రాసుకునే వైరు, నీళ్లు నిండిన పైపు ముందు చూడండి. వైర్లు కట్టే తెల్ల ప్లాస్టిక్ ట్యాగులు రెండు వేసవులకి పొడైపోతాయి. వైరు జారి కిందపడేది అప్పుడే. నల్లవి, ఎండకి ఆగేవి, లేదా స్టీలువి వేయించండి. తెగిన చోట టేపు చుట్టి వదిలేయనివ్వకండి, ఆ ముక్క సోలార్ డీసీ వైరుతోనే మార్చాలి. పనివాణ్ణి పిలిచేది తడి ఆరకముందే, ఏడింటికి. మెగ్గర్‌తో (వైరు చర్మం ఎక్కడ కారుతోందో కొలిచే మీటరు) వరసని సగం సగం విడదీసి చూస్తే అరగంటలో దొరుకుతుంది.

కనెక్టర్ దగ్గర కాలిన వాసనొచ్చినా, ప్లాస్టిక్ కరిగినట్టున్నా ముట్టుకోకండి. నీళ్లు చల్లకండి. పైన చెప్పిన వరసలో ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. చాలాసార్లు కారణం ఒక కంపెనీ మగ కనెక్టర్‌ని వేరే కంపెనీ ఆడ కనెక్టర్‌లో దూర్చడం. పట్టినట్టే ఉంటుంది, లోపల సరిగ్గా ఆనదు.

ఇన్వర్టర్ 14 యూనిట్లు అంటోంది, మీటర్లో ఎక్స్‌పోర్ట్ (లైన్‌కి పంపింది) 8 ఉంది

ఎవరూ దొంగిలించలేదు. పగలు ఫ్రిజ్, మోటారు, ఫ్యాన్లు వాడుకున్న 6 యూనిట్లు మీటరుదాకా పోలేదు. రాత్రి 5 తీసుకుంటే ఇంటి వాడకం 11, బిల్లుకి వెళ్లేది తీసుకున్న 5, పంపిన 8 మాత్రమే. ఇల్లు తాళం వేసి ఊరెళ్లినా ఎక్స్‌పోర్ట్ సున్నా ఉంటే మాత్రం మీటరు బిగింపులో తేడా ఉంది. నెట్ మీటర్ పెట్టకముందే సిస్టమ్ ఆన్ చేస్తే కొన్ని పాత మీటర్లు మనం పంపినదాన్ని కూడా వాడకంగానే లెక్కేస్తాయి. తొందరపడి ఆన్ చేసి ఆ నెల బిల్లు చూసి గుండె పట్టుకున్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

యాప్‌లో సున్నా చూసి ఫోన్ చేసేవాళ్లకి నేను చెప్పేది: కిందికెళ్లి ఇన్వర్టర్ తెర చూడండి. సగం సార్లు ఇంట్లో వైఫై పాస్‌వర్డ్ మారి ఉంటుంది. తెరమీద కూడా సున్నా ఉంటే ఆ ఎర్రర్ కోడ్ ఫొటో, గంట, గ్రిడ్ వోల్టేజీ, డీసీ వోల్టేజీ నాలుగూ వాట్సాప్‌లో పంపండి. మా ఇంటికి బిగించినతను ఆ మెసేజ్‌కి మాత్రం పది నిమిషాల్లో తిరిగి ఫోన్ చేస్తాడు.