నగరంలో ఉంటున్న పెద్దవాళ్ళను సముద్రానికి తీసుకెళ్తున్నారా?

తీరప్రాంతంలో పుట్టి, పిల్లల కోసం కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లకు చేరిన పెద్దవాళ్ళు "ఒక్కసారి సముద్రం చూపించరా" అంటే వాయిదా వేయకండి. వాళ్ళకది విహారయాత్ర కాదు, సొంత వాకిలి. కుదిరితే వాళ్ళ ఊరి తీరానికే తీసుకెళ్ళండి. కుదరకపోతే బాపట్ల దగ్గరి సూర్యలంక ఉంది. సికింద్రాబాద్‌లో రాత్రి రైలెక్కితే చాలు, బాపట్ల స్టేషన్ నుంచి ఆటోలో 9 కిలోమీటర్లే. కింది బెర్తు ముందే చూసుకోండి. కార్తీక పౌర్ణమి నాడు మాత్రం వద్దు, ఆ జనంలో నలిగిపోతారు.

ఉదయం 8 లోపే ఇసుకలోకి దిగాలి. షుగర్ ఉన్నవాళ్ళ పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు, వేడి ఇసుకకు బొబ్బలెక్కినా తెలియదు. వెనక పట్టీ ఉన్న చెప్పులు వేయించండి. ఉప్పునీళ్ళకు పుండు మానుతుందన్న మాట నమ్మి గాయమున్న కాలు ముంచనివ్వకండి. ఆ నీళ్ళలోని బ్యాక్టీరియాతో గాయం చీము పట్టొచ్చు.

నీళ్ళు చీలమండ దాటకూడదు. అల వచ్చేటప్పటికన్నా వెనక్కి పోయేటప్పుడే ప్రమాదం: మడమల కింది ఇసుకను లాగేస్తుంది, మనిషి వెనక్కి తూలిపోతారు. వేళ్ళు పట్టుకుంటే ఆగరు, మోచేతి కింద చెయ్యి వేసి పక్కనే నిలబడండి. అలసిపోతే అలలకు అందనంత దూరంలో, గట్టి ఇసుక మీద కుర్చీ వేయండి. ఓ అరగంట ఫొటోలు, కబుర్లు ఆపి వాళ్ళను సముద్రంతో ఉండనివ్వండి. ఈ ప్రయాణం అందుకేగా!

తిరిగొచ్చాక రెండు లీటర్ల మంచినీళ్ళతో కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడవండి.