విపత్తు సాయానికి వేరే దేశం వెళ్తున్నారా? కెమెరా సామాను ఎలా సర్దుకోవాలి

వరదో భూకంపమో వచ్చిన చోటికి వాలంటీర్‌గా వెళ్తూ కెమెరా కూడా పట్టుకెళ్దామనుకుంటే, బ్యాగ్ తీసే ముందే మీ టీమ్ లీడర్‌ని ఒక్క మాట అడగండి, ఫోటోలు తీయడం నా పనిలో భాగమా లేక ఖాళీ దొరికినప్పుడు తీసుకోవాలా అని. చాలామందికి రెండోదే వర్తిస్తుంది. అక్కడ కరెంటు ఉండదు, నీళ్లు తక్కువ, వెహికల్‌లో చోటు తక్కువ, వీటిల్లో దేంట్లోనూ మీ కెమెరా వాటా అడగకూడదు. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే.

మొదటి పని, తీసుకెళ్దామనుకున్నవన్నీ మంచం మీద పరిచి సగం మళ్లీ బీరువాలో పెట్టేయడం. ఒక బాడీ (అంటే లెన్స్ లేని కెమెరా), 24-70 ఎంఎం గానీ 24-105 ఎంఎం గానీ ఒక జూమ్ లెన్స్, చీకట్లో పనికొచ్చే చిన్న 35 ఎంఎం ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) ఒకటి, చాలు. ఇంకా బరువుకి వీలుంటే మూడో లెన్స్ కాకుండా రెండో బాడీ పెట్టుకోండి, ఎందుకంటే కూలిన బిల్డింగుల దగ్గర సిమెంట్ దుమ్ము గాల్లోనే ఉంటుంది, అక్కడ నిలబడి లెన్స్ మార్చారంటే ఆ దుమ్మంతా లోపల ఫోటో పట్టే సెన్సర్ మీదకే. నేను మొదటిసారి వెళ్లినప్పుడు దూరంవి దగ్గరగా చూపించే పెద్ద 70-200 లెన్స్ మోసుకెళ్లా, వారంలో రెండుసార్లు కూడా బయటికి తీయలేదు, మోయడం మాత్రం రోజూ మోశా. ట్రైపాడ్ వద్దు. డ్రోన్ అసలే వద్దు, రాతపూర్వకంగా పర్మిషన్ ఉంటే తప్ప, మొరాకో లాంటి దేశాల్లో డ్రోన్ వెంట తెచ్చుకోవడమే నిషేధం, ఎయిర్‌పోర్ట్‌లోనే తీసేసుకుంటారు. పైగా రెస్క్యూ హెలికాప్టర్లు తిరిగే చోట మీరు డ్రోన్ ఎగరేస్తే వాళ్ల ప్రాణాలకే ప్రమాదం.

రెండోది టెస్టింగ్. కనీసం పది రోజుల ముందు మొదలుపెట్టండి. కొత్త చెప్పులు కరిచినట్టే కొత్త కెమెరా కూడా ప్రయాణంలో కరుస్తుంది, అందుకని చేతికి అలవాటైన దాన్నే తీసుకెళ్లండి. సెన్సర్ క్లీన్ చేయించండి, ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే ఇప్పుడే చేసేయండి, ప్రయాణం ముందు రాత్రి మాత్రం ముట్టుకోవద్దు. మెమరీ కార్డులన్నీ కాపీ చేసుకుని కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. కెమెరా గడియారం వెళ్లే దేశం టైమ్‌కి మార్చండి, టీమ్‌లో ఇంకెవరైనా ఫోటోలు తీస్తుంటే అందరి గడియారాలూ ఒకటే చూపించాలి, లేకపోతే ఏ ఫోటో ఎప్పటిదో తర్వాత తేల్చడం నరకం.

ఇప్పుడు బ్యాటరీలు. ఎక్కువమంది ఎయిర్‌పోర్ట్‌లో ఇరుక్కునేది ఇక్కడే. విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు, చేతి బ్యాగ్‌లోనే ఉండాలి. 100 వాట్ అవర్ (బ్యాటరీలో ఎంత శక్తి పడుతుందో చెప్పే కొలత) లోపు ఉన్నవాటికి మామూలుగా ముందస్తు అనుమతి అక్కర్లేదు, 100 నుంచి 160 మధ్య అయితే ఎయిర్‌లైన్ ఒప్పుకోవాలి, అదీ రెండు వరకే, 160 దాటితే ప్యాసింజర్ ఫ్లైట్‌లో కుదరదు. లెక్క తేలికే, వోల్టేజీని ఆంపియర్ అవర్‌తో గుణించాలి, అంటే 20000 ఎంఏహెచ్ (20 ఆంపియర్ అవర్) పవర్ బ్యాంక్ 3.7 వోల్ట్ ఇంటూ 20, మొత్తం 74 వాట్ అవర్. కెమెరా బ్యాటరీలు మామూలుగా 16 దగ్గర్లోనే ఉంటాయి కాబట్టి వాటితో భయం లేదు. కానీ ఎయిర్‌లైన్ సొంత రూల్ వేరే ఉండొచ్చు, ఎమిరేట్స్ 2025 అక్టోబర్ 1 నుంచి మనిషికి ఒక్క పవర్ బ్యాంకే అంటోంది, దాన్ని ఫ్లైట్‌లో వాడకూడదు కూడా. అందుకే టికెట్ బుక్ చేసిన రోజే వాళ్ల సైట్ చూసుకోండి. ప్రతి బ్యాటరీకీ ప్లాస్టిక్ మూత ఉండాలి, లేకపోతే మెటల్ కొనల మీద టేప్ వేయండి, జేబులో తాళాలకి తగిలితే షార్ట్ అవుతుంది.

అక్కడికెళ్లాక ఛార్జింగ్ సంగతి. క్యాంపులో జనరేటర్ ఉంటే దాని ముందు క్యూలో మెడికల్ టీమ్, వాకీటాకీలు, ఊళ్లోవాళ్ల ఫోన్లు ఉంటాయి, వాళ్ల తర్వాతే మీరు. అందుకని మూడు రోజులు ప్లగ్ దొరక్కపోయినా నడిచేన్ని బ్యాటరీలు ఉండాలి, నా అలవాటు రోజుకి రెండు చొప్పున ఆరు. యూఎస్‌బీతో ఛార్జ్ అయ్యే ఛార్జర్ కొనుక్కోండి, కారు సాకెట్‌కి పెట్టే అడాప్టర్ ఒకటి ఉంచుకోండి, ఎందుకంటే చాలాసార్లు వెహికల్ కదులుతున్నప్పుడే ఛార్జింగ్ అవుతుంది. చిన్న సోలార్ ప్యానెల్ అంటారా, మబ్బుంటే దండగ, వర్షాకాలం వరదలకి వెళ్లేటప్పుడు నేను తీసుకెళ్లను. ఛార్జర్ మీద 100-240 వోల్ట్ అని రాసుంటే ఏ దేశమైనా పర్లేదు, ప్లగ్ ఆకారానికి అడాప్టర్ ఒకటి చాలు.

కాగితాలు కూడా ఇప్పుడే. ప్రతి వస్తువు పేరు, సీరియల్ నంబర్, బిల్లు ఒక పేజీలో రాసి రెండు ప్రింట్లు తీసుకోండి. బయల్దేరే ఎయిర్‌పోర్ట్ కస్టమ్స్‌లో వీటిని ముందే రాయించుకునే పద్ధతి చాలా దేశాల్లో ఉంది, అది చేస్తే తిరిగొచ్చేటప్పుడు కొత్తగా కొన్నారా అని డ్యూటీ అడగరు. సామాను మరీ ఎక్కువైతే డ్యూటీ కట్టకుండా సామాను కొన్నాళ్లకి వేరే దేశం తీసుకెళ్లి తెచ్చుకోడానికి ఏటీఏ కార్నె అనే పత్రం ఉంటుంది, ఏడాది దాకా చెల్లుతుంది, ఒకటి రెండు కెమెరాలకి అంత తతంగం దండగ. ఇంకోటి, పెద్ద పెద్ద లెన్సులు చూస్తే ఇమిగ్రేషన్‌లో మిమ్మల్ని ప్రెస్ అనుకుంటారు, కొన్ని దేశాల్లో ప్రెస్ వీసానే వేరు. సంస్థ ఇచ్చిన వాలంటీర్ లెటర్ చేతిలో ఉంచుకోండి.

తడి, దుమ్ము. జిప్ లాక్ కవర్లు రెండు డజన్లు, రెయిన్ కవర్ ఒకటి, గాలి కొట్టే రబ్బర్ బ్లోయర్ ఒకటి. దుమ్ము పడితే గుడ్డతో తుడవకండి, ముందు బ్లోయర్, తర్వాత బ్రష్, ఆఖర్న గుడ్డ, లేకపోతే సిమెంట్ రేణువులు గ్లాస్‌ని గీసేస్తాయి. ఏసీ గదిలోంచి ఉక్కపోతలోకి వెళ్లేటప్పుడు కెమెరాని లోపలే కవర్లో పెట్టి సీల్ చేసి, బయట వేడికి అలవాటయ్యాకే తీయండి, లేకపోతే లోపలంతా చెమ్మ. ఎక్కువ రోజులు తేమలో ఉంటే లెన్స్‌కి ఫంగస్ పడుతుంది కాబట్టి బ్యాగ్‌లో సిలికా జెల్ వేయండి. కెమెరా నీళ్లలో పడితే ఆన్ చేసి చూడాలనిపిస్తుంది, చేయకండి, బ్యాటరీ, కార్డ్ తీసేసి గాలికి ఆరనివ్వండి. బియ్యంలో పెడితే పిండి దుమ్ము లోపలికి పోవడం తప్ప లాభం లేదు.

కార్డుల దగ్గర పొదుపు వద్దు. 256 జీబీ ఒక్కటి కాకుండా 64వి నాలుగు తీసుకోండి, పోతే నాలుగో వంతే పోతుంది. రోజూ రాత్రి చిన్న ఎస్ఎస్‌డీలోకి (జేబులో పట్టే స్టోరేజ్ డ్రైవ్) కాపీ చేయండి, ఆ ఎస్ఎస్‌డీ ఒక బ్యాగ్‌లో, కార్డులు ఒంటి మీద, రెండూ ఒకే చోట ఉండకూడదు.

వెళ్లేముందు అక్కడి భాషలో "ఫోటో తీయొచ్చా" అనడం నేర్చుకోండి. వద్దంటే కెమెరా దించేయండి, మళ్లీ అడగొద్దు. పిల్లల ఫోటోల్లో లొకేషన్ పడకుండా జీపీఎస్ ఆఫ్ చేయండి, ఆన్‌లైన్‌లో పెట్టేది టీమ్‌ని అడిగాకే.

తిరిగొచ్చాక బ్యాగ్ తిరగేసి దులిపి, స్ట్రాప్ ఉతికి, లెన్సులు వెలుగులో పట్టుకుని మచ్చలున్నాయేమో చూడండి. కార్డులు మాత్రం ఇంట్లో రెండు చోట్ల కాపీ పడేదాకా ఫార్మాట్ చేయొద్దు.