పిల్లి కంట్లో తెల్లపొర: అది శుక్లమేనా?

పిల్లి కంట్లో తెల్లగా ఏది కనిపించినా శుక్లం అనేసుకుంటాం. నిజానికి కుక్కల్లో వచ్చినంతగా పిల్లుల్లో శుక్లాలు రావు. వచ్చినప్పుడు కూడా చాలావరకు కంటి లోపల ఎన్నాళ్లుగానో ఉన్న వాపు (యువైటిస్) వాటికి కారణం. కాబట్టి పొర కనిపించగానే ముందు తేల్చాల్సింది అది ఎక్కడుంది, ఎందుకొచ్చింది అన్నది.

కంటి పైనే తెలుపు, కన్ను చిట్లించడం, నీరు కారడం

ఇది శుక్లం కాదు. నల్లగుడ్డు మీద పుండు అయ్యుంటుంది. హెర్పిస్ వైరస్ వల్ల గానీ, ఇంకో పిల్లి గోరు తగిలి గానీ వస్తుంది. అదే రోజు వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి. ఇంట్లో మిగిలిపోయిన స్టెరాయిడ్ చుక్కలు దయచేసి వేయొద్దు. పుండు లోతుకు దిగి నల్లగుడ్డుకు చిల్లు పడే ప్రమాదం ఉంది.

ముసలి పిల్లి, రెండు కళ్లలోనూ నీలిరంగు మసక

వయసుతో లెన్స్ గట్టిపడటం వల్ల ఇలా కనిపిస్తుంది. చూపుకు పెద్దగా ఇబ్బంది ఉండదు. మసక వెలుతురులో చిన్న టార్చి వేసి చూడండి. కంటి వెనక నుంచి ఆకుపచ్చ మెరుపు మామూలుగానే తిరిగొస్తుంటే చాలావరకు ఇదే. ఆ మెరుపుకు అడ్డంగా కంటిపాప లోపల తెల్లటి మచ్చో, పగిలిన మంచుముక్కలాంటి గీతలో కనిపిస్తే శుక్లాన్ని అనుమానించాలి. ఏదైనా సరే, ఒకసారి డాక్టర్ చూసి చెబితేనే ఖాయం.

కంటి రంగు మారింది, పాప చిన్నదైంది, వెలుతురు చూడలేకపోతోంది

అందరూ వదిలేసేది ఇదే, అసలు పట్టుకోవాల్సిందీ ఇదే. కంటిపాప చుట్టూ ఉండే రంగు భాగం ఒక కంట్లో ముదురుగా, రాగిరంగులోకి తిరిగితే లోపల వాపు ఉండొచ్చని అనుమానించాలి. ఎఫ్ఐవీ (పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్), ఫెలైన్ ల్యుకేమియా (పిల్లుల్లో రక్తకేన్సర్ తెచ్చే వైరస్), ఎఫ్ఐపీ (పిల్లుల్లో కరోనావైరస్ వల్ల వచ్చే తీవ్రమైన జబ్బు), టాక్సోప్లాస్మా (పచ్చి మాంసం ద్వారా సోకే పరాన్నజీవి) లాంటివి దీని వెనక ఉండొచ్చు. రక్తపరీక్షలు చేయించి, వాపు తగ్గే చుక్కలు డాక్టర్ చెప్పినన్నాళ్లూ వేయాలి. ఎరుపు తగ్గిందని మధ్యలో ఆపితే వాపు తిరగబెడుతుంది. దాంతోపాటే శుక్లం, కంట్లో ప్రెషర్ పెరగడం కూడా మొదలవ్వొచ్చు.

గోరు లెన్స్ దాకా గుచ్చుకున్నా శుక్లం వస్తుంది. అలా దెబ్బతిన్న కంట్లో కొన్నేళ్ల తర్వాత ట్యూమర్ పుట్టే అవకాశం ఉంది. పైకి మానిపోయినట్టున్నా ఆ కంటిని ఏటా చూపిస్తూనే ఉండాలి.

ఉన్నట్టుండి చూపు పోయింది, పాపలు పెద్దవైపోయాయి

ముసలి పిల్లుల్లో ఇది ఎక్కువగా బీపీ వల్ల రెటీనా (కంటి వెనక ఉండే, చూపునిచ్చే పొర) ఊడటం. కిడ్నీ జబ్బు, థైరాయిడ్ ఎక్కువవడం దీనికి మూలాలు. ఎమర్జెన్సీ అనుకుని బయల్దేరండి. త్వరగా బీపీ తగ్గిస్తే కొంత చూపైనా తిరిగిరావచ్చు.

కూనల్లో తెల్లపొర

కొన్నిటికి పుట్టుకతోనే ఉంటుంది. తల్లిలేని కూనలకు అర్జినైన్ (ప్రొటీన్లలో ఉండే ఒక అమైనో ఆమ్లం) తక్కువున్న పాలు పోసినా రావచ్చు. పిల్లికూనల కోసమే తయారుచేసిన పాలపొడి వాడండి.

చుక్కలతో కరుగుతుందా?

కరగదు. ముదిరిన శుక్లానికి ఆపరేషన్ ఒక్కటే దారి. రెటీనా పనిచేస్తోందని పరీక్షలో తేలితేనే, వాపు అదుపులో ఉంటేనే చేస్తారు. తర్వాత కన్ను గోక్కోకుండా మెడకు కాలర్, వారాల తరబడి చుక్కలు తప్పవు. ఒక కంటికే వచ్చి, నొప్పి లేకుండా హాయిగా తిరుగుతున్న పిల్లికి ఆపరేషన్ తొందర అక్కర్లేదని నా అభిప్రాయం. చెకప్‌లు మాత్రం మానకూడదు.

రాకుండా చూసుకోవాలంటే

అన్నిటినీ ఆపలేం. కొట్లాటలు తప్పించడానికి పిల్లిని ఇంట్లోనే ఉంచడం, గోళ్ల కొనలు కత్తిరించడం, ల్యుకేమియా టీకా వేయించడం, పచ్చి మాంసం పెట్టకపోవడం మన చేతిలో ఉన్నవి. షుగర్ వల్ల కుక్కలకు వచ్చినంత వేగంగా పిల్లులకు శుక్లం రాదు, అయినా షుగర్‌ని వదిలేయకూడదు. నెలకోసారి రెండు కళ్లనూ ఒకే వెలుతురులో ఫొటో తీసి దాచండి. రంగులో, పాప సైజులో తేడా వస్తే ఆ ఫొటోలు తీసుకెళ్లి డాక్టర్‌కి చూపించండి.