మూలన పడున్న ఆర్‌ఎక్స్ 100ని లేపి పావు మైలు పరిగెత్తించడం ఎలా

ఇంట్లో మావయ్యదో బాబాయ్‌దో ఆర్‌ఎక్స్ 100 పట్టా కింద దుమ్ముకొట్టుకుని పడుంటే, పాత సామాన్లోడికి తూకానికి వేసేముందు ఒక్కసారి ఇది చదవండి. మాది విజయవాడ పటమట, 90ల్లో మా బ్యాచ్‌కి బండి అంటే అదొక్కటే. అమెరికాలో కుర్రాళ్ళు 1932 ఫోర్డ్ పాతది చవగ్గా కొని, మడ్‌గార్డులు పీకి, ఇంజన్ని సొంతంగా గెలికి ఎండిపోయిన చెరువుల్లో పరిగెత్తించి దాన్నే హాట్ రాడ్ అన్నారు, మేం చేసింది కూడా అదే పని, కాకపోతే మాకు రెండు చక్రాలు, ఆటోనగర్లో లేత్ షాపు, పుస్తకాలకని ఇంట్లో అడిగి తెచ్చిన డబ్బులు. ఈ యమహా బండి 1985లో వచ్చింది, 1996లో ఆపేశారు, 98 సీసీ, 11 హార్స్‌పవర్. ఈ లెక్కలు ఇప్పుడు వింటే నవ్వొచ్చిద్ది గానీ బండి బరువు వంద కిలోల చిల్లరే, మజా అంతా అక్కడుంది.

ముందు చెప్పేది, ఆత్రంగా కిక్కు కొట్టొద్దు. ఏళ్ళ తరబడి ఆగిపోయిన బండికి పిస్టన్ రింగులు సిలిండర్‌కి అతుక్కుని ఉంటాయ్. ప్లగ్గు విప్పి ఆ కన్నంలో కాస్త టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్లకి వాడేది) పోసి ఒక రాత్రి వదిలెయ్యండి, పొద్దున చేత్తో కిక్ రాడ్ మెల్లగా నొక్కితే కదిలిందా సరే, కదలకపోతే బలవంతం చెయ్యొద్దు, హెడ్డు విప్పాల్సిందే. ట్యాంకులో పాత పెట్రోల్ పారబొయ్యండి, కార్బొరేటర్ మొత్తం విప్పి జెట్లు (పెట్రోల్ కొలిచి వదిలే సన్న కన్నాల ముక్కలు) గాలికొట్టి కడగండి. తుప్పుందా, గుప్పెడు నట్లు వేసి నీళ్ళు పోసి బాగా ఊపండి, మా రోజుల్లో ట్యాంక్ క్లీనింగ్ అంటే అదే. ఇప్పుడొచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తంది కాబట్టి పాత పైపులు, ఓరింగులు అన్నీ తీసేసి కొత్తవి వేయించండి.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, నేనూ చేసిన తప్పు, క్రాంక్ (పిస్టన్ కింద తిరిగే ఇరుసు) ఆయిల్ సీళ్ళు వదిలెయ్యడం. టూ స్ట్రోక్‌లో క్రాంక్ కేసే పంపు లాగా పనిచేసిద్ది, పెట్రోల్ గాలి కలిసి ముందు అందులోకే వచ్చి అక్కణ్ణుంచి పైకి పోయిద్ది. సీలు గట్టిపడి లీకయితే మాగ్నెటో (కరెంటు పుట్టించే చక్రం) వైపు నుంచి ఊరికే గాలి లాక్కుని మిశ్రమం పల్చబడి ఇంజన్ వేడెక్కిద్ది, క్లచ్ వైపు అయితే గేర్ ఆయిల్ లాగి తెల్లపొగ కక్కిద్ది. నేను బోరు చేయించి (అరిగిన సిలిండర్ లోపల గీయించి కాస్త పెద్దది చేయించి) కొత్త పిస్టన్ వేయించి, ఇంజన్ మొత్తం దించాలంటే ఖర్చని సీళ్ళు వదిలేశా. తెల్లారుజామున గుంటూరు రోడ్డులో మంగళగిరి దాటాక ఫుల్ థ్రాటిల్‌లో పిస్టన్ సిలిండర్లో పట్టేసి సీజ్ అయిపోయింది, వెనక చక్రం బిగుసుకుని రోడ్డు మీద పొడుగ్గా నల్ల గీత, క్లచ్ పట్టుకోబట్టి ఇవాళ ఇది రాస్తన్నా. మా మేస్త్రీ బాబాయ్ పిస్టన్ చూసి, "ఏరా అబ్బాయ్, పెట్రోల్ ఎంత పడతందో చూశావ్, గాలి ఎక్కణ్ణుంచి పీలస్తందో చూడలేదేంట్రా" అన్నాడు. తిట్టుంటే బాగుండేది.

సరే, ఇంజన్ బాగుచేసుకున్నాక స్పీడు సంగతి. బోరు పెంచితే సీసీ పెరిగి ఎగిరిపోయిద్దని అనుకుంటారు, 50 మిల్లీమీటర్ల బోరు 51 చేసినా 98 సీసీ కాస్తా 102 అయిద్ది, అంతే. బోరు అరిగితేనే చేయించండి, చేయించాక పోర్టుల (సిలిండర్ గోడకుండే కన్నాల) అంచులు సన్నగా రాయించడం మర్చిపోవద్దు, లేదంటే రింగు తట్టుకుని విరిగిద్ది. మొదటి 500 కిలోమీటర్లు మెల్లగా, ఒకే స్పీడులో లాగించకుండా నడపండి. ఆయిల్ పంపు పీకేసి పెట్రోల్లో కలుపుకునే బ్యాచ్ అయితే ఈ మొదటి 500లో లీటరుకి 40 మిల్లీ ఆయిల్, తర్వాత 25-30.

సైలెన్సర్ లోపలి గొట్టం పీకేస్తే స్పీడొచ్చిద్దని మా కాలేజీలో సగం మంది నమ్మకం. వచ్చేది సౌండు, పక్కింటోళ్ళ తిట్లు. టూ స్ట్రోక్ సైలెన్సర్ లోపల ఒత్తిడి అల వెనక్కి తిరిగొచ్చి, బయటికి జారిపోతన్న కొత్త మిశ్రమాన్ని సిలిండర్లోకి నెట్టిద్ది, ఆ లెక్క చెడితే పికప్పే పోయిద్ది. పావు మైలు అంటే 402 మీటర్లు, అంత దూరానికి టాప్ స్పీడ్ కన్నా పికప్పే ముఖ్యం. అందుకే చవకైన మార్పు చైన్ కిట్‌లో ఉంది, ముందు పళ్ళచక్రం ఒక పన్ను తగ్గించండి, అది వెనక సుమారు మూడు పళ్ళు పెంచినట్టు. టాప్ స్పీడ్ తగ్గిద్ది, తగ్గనివ్వండి.

స్టార్ట్‌లో ఛాతీ ట్యాంకు మీదకి ఆనించండి, లేకపోతే ముందు చక్రం లేచిద్ది. 7500 ఆర్‌పీఎం దగ్గరే ఈ ఇంజన్ పూర్తి బలం, అంచేత క్లచ్ ఒక్కసారిగా వదలకుండా జారనిస్తా రెవ్వులు పడిపోకుండా చూసుకోండి.

ఇదంతా బైపాస్ మీద మాత్రం వద్దు బాబూ. మేం చేశాం, అది గొప్ప కాదు, తెల్లారుజామున లైట్లేని ఎడ్లబండ్లు వచ్చే రోడ్డది. మోటారు వాహనాల చట్టం 189 సెక్షన్ కింద రోడ్డు మీద రేసింగ్‌కి మొదటిసారే 5000 దాకా జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, లేదంటే రెండూ. చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది, టైమింగ్ లైట్లతో సహా. అక్కడ మీరు స్టార్ట్ లైటుకి లేటుగా కదిలినా ఈటీ (పావు మైలుకి పట్టిన టైము) పాడవ్వదు, గడియారం బండి కదిలాకే మొదలయిద్ది, కానీ పక్కవాడితో రేసు పోయిద్ది. రోడ్డు మీద తిప్పాలంటే 15 ఏళ్ళు దాటిన బండి కాబట్టి ఆర్‌సీ రెన్యువల్ చూసుకోండి.

ఇంకోటి, ఫుల్ థ్రాటిల్‌లో లాగి వెంటనే ఆఫ్ చేసి ప్లగ్గు విప్పి చూడండి. కాఫీపొడి రంగుంటే భేష్, నల్ల మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ, సున్నంలా తెల్లగా ఉంటే ఆపెయ్యండి, అది సీజ్‌కి ముందు కబురు. మే నెల ఎండలో గాలి పల్చన కాబట్టి అప్పుడు సరిపోయిన మెయిన్ జెట్ డిసెంబర్ పొద్దున చలిగాలికి చాలకపోవచ్చు, ఒక సైజు పెద్దది జేబులో పెట్టుకునే వెళ్ళండి, దాంతోపాటు ఒక స్పేర్ ప్లగ్గూ, ప్లగ్ స్పానరూ.