చన్నీటి మునక – మూడో పాఠం: ఊపిరి వదులుతూ దిగాలి

మూడో పాఠం అంటే తొట్టిలోకి దిగే పాఠం. దిగుదాం. కానీ పోయినసారి ఇచ్చిన షవర్ అభ్యాసం చేశాక మీరు రాసినవన్నీ చదివాను. ఆ సంగతి తేల్చకుండా తొట్టి దాకా వెళ్లలేం.

అభ్యాసం గుర్తుందిగా: మామూలు స్నానం అయ్యాక చివర్లో 30 సెకన్లు చన్నీళ్లు. ముందు పాదాలు, తర్వాత చేతులు, ఆఖరున ఛాతీ, వీపు. చాలామంది రాసింది ఒకటే. నీళ్లు ఛాతీ మీద పడగానే నోరు తెరుచుకుని గాలి గట్టిగా లోపలికి పోయింది, ఆపైన రొప్పు ఆగలేదు, గుండె దడదడలాడింది, భయపడి కుళాయి కట్టేశాం, ఇది మాకు పడదేమో అని. మీ గురించి నాకు దిగుల్లేదు. చన్నీళ్లు పడితే ఒంట్లో జరగాల్సిందే జరిగింది.

నాకు టెన్షన్ పెట్టినవాళ్లు వేరే ఉన్నారు. "చాలా సులువుగా అయిపోయింది" అని రాసినవాళ్లు. వాళ్లలో కొందరు ఊపిరి బిగబట్టి, పళ్లు కరుచుకుని 30 సెకన్లూ లాగించేశారు. ఇంకొందరు ముందుగా పాతిక ముప్పై సార్లు గబగబా ఊపిరి తీసి వదిలి, అప్పుడు నీళ్ల కింద నిలబడ్డారు. ఇది నేను చెప్పింది కాదు, వీడియోల్లో చూసి కలుపుకున్నది. దీని మీద ఇవాళ కాస్త ఎక్కువే మాట్లాడతాను. విసుగొచ్చినా చదవండి, తొట్టిలో ప్రాణం మీదికి తెచ్చేది ఇదే.

ముందు ఆ రొప్పు ఎందుకొస్తుందో చూద్దాం. చలిని పసిగట్టే నరాల కొసలు చర్మంలోనే ఉంటాయి. చర్మం ఎంత చల్లబడిందన్నదే కాదు, ఎంత వేగంగా చల్లబడిందన్నది కూడా వాటికి లెక్కే. ఒక్కసారిగా చన్నీళ్లు తగిలితే అన్నీ కలిసి మెదడుకు కబురు పెడతాయి. మీ ప్రమేయం లేకుండానే రెండు మూడు లీటర్ల గాలి ఒక్క గుక్కలో లోపలికి పోవచ్చు. ఆ వెంటనే రొప్పు, గుండె వేగం, బీపీ, మూడూ పెరుగుతాయి. దీన్నే కోల్డ్ షాక్ అంటారు. మొదటి 30 సెకన్లలో తారస్థాయికి చేరుతుంది, రెండు మూడు నిమిషాల్లో దానంతటదే సద్దుమణుగుతుంది. అంటే పోయిన పాఠంలో మీరు నిలబడిన 30 సెకన్లూ అందులోని గడ్డుకాలమే. సరిగ్గా తగ్గుముఖం పట్టే వేళకు కుళాయి కట్టేశారు.

దీనికి ఒళ్లు చాలా త్వరగా అలవాటు పడుతుంది. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయంలో మైక్ టిప్టన్, ఆయన సహచరులు ఏళ్ల తరబడి ఇదే పరిశోధించారు. రెండు మూడు నిమిషాల మునకలు ఐదారు వేస్తే చాలు, ఈ షాక్ దాదాపు సగానికి తగ్గుతుంది. ఆ అలవాటు కొంతవరకు నెలల తరబడి నిలుస్తుంది కూడా. అందుకే ఈ దశలో ఎవరైనా "ఎన్ని నిమిషాలు కూర్చున్నావు" అని అడిగితే నాకు నవ్వొస్తుంది.

ఇక ఆ గబగబా ఊపిరి సంగతి

ఊపిరి బిగబట్టినప్పుడు కాసేపటికి ఆగలేని ఆత్రం పుడుతుంది కదా, అది ఆక్సిజన్ తగ్గినందుకని చాలామంది అనుకుంటారు. ప్రధానంగా అది రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకు వస్తుంది. గబగబా గాలి తీసి వదిలితే ఆక్సిజన్ పెద్దగా పెరగదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో అది ముందే దాదాపు నిండుగా ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ మాత్రం బాగా పడిపోతుంది. ఇంట్లో పొగ అలారం తీగ తెంపేసి నిశ్చింతగా పడుకోవడం లాంటిది ఇది. ఆపైన ఊపిరి బిగబడితే ఆక్సిజన్ అడుగంటుతున్నా ఆత్రం పుట్టదు. హాయిగా ఉన్నట్టే ఉండి స్పృహ తప్పుతుంది. మంచం మీదైతే ఒళ్లు తనంతట తానే మళ్లీ ఊపిరి తీసుకుంటుంది. ముఖం నీళ్లలో ఉంటే ఆ ఊపిరితో లోపలికి పోయేది నీళ్లే. బాగా ఈత వచ్చినవాళ్లు కూడా లోతులేని ఈతకొలనుల్లో ఇలాగే పోయారు.

"వేళ్లు జివ్వుమన్నాయి, తల తేలిపోయింది, ఏదో శక్తి వచ్చినట్టుంది" అని రాసినవాళ్లున్నారు. కార్బన్ డయాక్సైడ్ పడిపోతే మెదడులోని రక్తనాళాలు కుంచించుకుపోతాయి. మీకు శక్తిలా అనిపించింది మెదడుకు రక్తం తగ్గడం.

"నేను తల ముంచనుగా, కూర్చునే ఉంటానుగా?" స్పృహ తప్పినవాడు తొట్టిలో కూర్చుని ఉండడు, జారిపోతాడు. "షవర్ కింద నిలబడే చేశాను." తడి గచ్చు మీద పడితే తల ఏమవుతుందో నేను చెప్పాలా? "ముందే చేసేసి, కాసేపు ఆగి దిగితే?" ఆగాక దాని ప్రభావం పోతుంది, మరి చేయడం దేనికి? "చన్నీటి సాధనకు పేరుపడ్డ డచ్చి సాహసి విమ్ హాఫ్ అలాగే చేస్తాడు కదా." ఆయన పద్ధతి నేర్పేవాళ్లే ఆ శ్వాస సాధనను నీళ్లలో గానీ, నీళ్లలోకి దిగే ముందు గానీ చేయవద్దని హెచ్చరిస్తారు. వీడియోలో ఆ ముక్క దాటేసి ఉంటారు.

ఊపిరి బిగబట్టినవాళ్లది మరో రకం తప్పు. చర్మం ఒక్కసారి చల్లబడితే గుండె పరుగెత్తుతుంది. ఊపిరి బిగబట్టి ముఖం చన్నీళ్లలో పెడితే గుండె నెమ్మదిస్తుంది. రెండూ ఒకేసారి జరిగితే గుండెకు ఎదురెదురు ఆజ్ఞలు అందుతాయి, లయ తప్పే వీలుంది. టిప్టన్, మైకేల్ షాటక్ అనే మరో పరిశోధకుడు కలిసి 2012లో దీని గురించి వివరంగా రాశారు. ఈ పాఠాల్లో తల ముంచడం ఎక్కడా ఉండదు. కొందరికి తలనొప్పి వచ్చిందన్నారు, నెత్తిన పోసుకున్నారేమో చూసుకోండి. నేను వీపు దాకానే చెప్పాను.

మరేం చేయాలి? చిన్న పనే. నీళ్లు తగలబోయే ముందే ఊపిరి వదలడం మొదలుపెట్టండి, ఊదుతూ దిగండి. ఆ పెద్ద గుక్క ఎలాగూ వస్తుంది, రానివ్వండి. దాని తర్వాతి ఊపిరిని మాత్రం పెదాలు గుండ్రంగా చుట్టి నెమ్మదిగా, పొడుగ్గా బయటికి ఊదండి. మళ్లీ అలాగే. తీసుకోవడం గురించి పట్టించుకోకండి, అది దానంతటదే జరుగుతుంది. ఊపిరి చేతికొచ్చిందో లేదో తెలుసుకోవడానికి నేను పన్నెండో ఎక్కం పైకి చదువుతాను. మధ్యలో రొప్పకుండా అప్పజెప్పగలిగితే కుదురుకున్నట్టే. టైమర్ నేను పెట్టుకోను. మీరు గోడ గడియారం కనిపించేలా కూర్చోండి, చాలు.

తొట్టి

నీళ్లు కొలవడానికి థర్మామీటరు తప్పనిసరి, చేత్తో చూసి చెప్పలేం. మొదటి మునకకు 20 డిగ్రీలు. ఊపిరి కుదురుతున్న కొద్దీ 18, 16, ఆఖరికి 15. ఈ పాఠానికి అంతకంటే కిందికి అవసరం లేదు, ఐసు గుట్టలు పోసుకోకండి. కుళాయి నీళ్లే 28 డిగ్రీలుండి ఉండొచ్చు, అందుకే కొందరికి ఏమీ అనిపించలేదు. అలాగైతే కొద్దిగా ఐసు వేసి, కలిపి, కొలిచి దిగండి.

పక్కన ఒక మనిషి ఉండాలి, ఫోన్‌లో కాదు, ఆ గదిలోనే. గుండె జబ్బు, బీపీ, మూర్ఛ ఉన్నవాళ్లు, చలికి వేళ్లు తెల్లబడేవాళ్లు, చన్నీళ్లకు దద్దుర్లు వచ్చేవాళ్లు, గర్భిణులు డాక్టరు సరే అనకుండా దిగకూడదని మొదటి పాఠంలోనే చెప్పాను. మద్యం తాగినప్పుడు ఎవరూ దిగకూడదు.

కాళ్లు, నడుము, ఛాతీ, ఆ వరసలో భుజాల దాకా. అరచేతులు బయట ఉంచుకున్నా తప్పేం లేదు, నేను అలాగే ఉంచుకుంటాను. కదలకుండా కూర్చుంటే చర్మం చుట్టూ పల్చటి వెచ్చటి నీటిపొర ఏర్పడుతుంది. అటూ ఇటూ కదిలితే అది చెదిరి మళ్లీ చలి కొడుతుంది. ఎక్కం పూర్తయ్యాక ఇంకో నిమిషం కూర్చుని లేవండి. మొత్తం మూడు నిమిషాలు దాటనివ్వకండి.

లేచాక నేరుగా వేడినీళ్ల షవర్ కిందికి వెళ్లి కళ్లు తిరిగినవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. చలికి బిగుసుకున్న రక్తనాళాలు వేడికి ఒక్కసారి తెరుచుకుంటే బీపీ పడిపోతుంది. తుడుచుకుని, పొడిబట్టలు కట్టుకుని, మెల్లగా నడవండి. బయటికొచ్చాక కూడా కొంతసేపు ఒంటి లోపలి వేడి తగ్గుతూనే ఉంటుంది. ఆలస్యంగా వణుకు మొదలైతే ఆశ్చర్యపోవద్దు.

వ్యాయామం అయ్యాక దిగొచ్చా అని జిమ్ వాళ్లు అడిగినదానికి పొట్టి జవాబు. కండలు పెంచడమే లక్ష్యమైతే బరువులెత్తిన వెంటనే దిగకండి. 2015లో వచ్చిన 12 వారాల అధ్యయనంలో వ్యాయామం తర్వాత 10 నిమిషాలు చన్నీళ్లలో కూర్చున్నవాళ్లకు, తేలిగ్గా సైకిల్ తొక్కినవాళ్లకంటే కండ, బలం తక్కువ పెరిగాయి. రేపు మళ్లీ ఆట ఉంది, నొప్పులు తగ్గితే చాలు అంటే దిగండి. 2012లో వైద్య ప్రయోగాలను పోగేసి తూచే కాక్రన్ సంస్థ సమీక్ష 17 చిన్న ప్రయోగాలను కలిపి చూస్తే, ఊరికే విశ్రాంతి తీసుకోవడం కంటే చన్నీళ్లతో ఒళ్లునొప్పులు తగ్గాయి. కాకపోతే తాను చన్నీళ్లలో ఉన్నానని మనిషికి తెలియకుండా ప్రయోగం చేయలేం, నమ్మకం పాలు ఎంతో విడదీయడం కష్టం. ఇక మనసు తేలికపడటానికి రుజువుగా అందరూ చెప్పే, నార్‌ఎడ్రినలిన్ అనే ఉత్తేజపరిచే హార్మోను 530 శాతం పెరిగిన లెక్క ఉందే, ఆ ప్రయోగంలో మనుషులు 14 డిగ్రీల నీళ్లలో గంటసేపు కూర్చున్నారు. మన రెండు నిమిషాలకు ఆ అంకె తగిలించకండి.

అభ్యాసం: పది రోజుల్లో ఐదు మునకలు. ఒక్కోదానికి రెండే రాయండి: నీళ్లు ఎన్ని డిగ్రీలు, ఎక్కం అప్పజెప్పగలిగేలోపు ఎన్నిసార్లు ఊపిరి ఊదారు. మూడు నిమిషాలైనా ఎక్కం రాకపోతే లేచిపోయి ‘కుదరలేదు’ అని రాయండి. నీళ్లు చల్లబరుస్తున్నా ఐదో మునకకు ఆ రెండో అంకె మొదటిదానికంటే తగ్గాలి. తగ్గకపోతే నీళ్లు రెండు డిగ్రీలు వెచ్చగా చేసుకుని ఐదూ మళ్లీ మొదటి నుంచి, అప్పటిదాకా నాలుగో పాఠం ముట్టుకోవద్దు. తొట్టి లేనివాళ్లు షవర్ కిందే ఇదంతా చేయొచ్చు, స్టూలు వేసుకుని కూర్చుని. ఎన్ని నిమిషాలు కూర్చున్నారో నాకు రాయకండి, చదవను.