మన దగ్గర కుట్టిన బ్యాగు కొంటున్నారా? ముందు లోపలివైపు చూడండి

బ్యాగు చేతికి రాగానే చాలామంది ముందు జిప్పు లాగి చూస్తారు, తర్వాత ధర అడుగుతారు. మీరు మాత్రం ముందు దాని లోపలి గుడ్డను బయటికి లాగండి. కుట్టినవాళ్లు ఎంత శ్రద్ధ పెట్టారో అక్కడి అంచుల్లోనే తెలిసిపోతుంది. కత్తిరించిన అంచు పోగులు వేలాడుతూ వదిలేసి ఉంటే పైన ఎంత అందంగా ఉన్నా వద్దని చెప్పేయండి, అదే అంచుకు పోగులు ఊడకుండా చుట్టి కుట్టే ఓవర్‌లాక్ వేసి దానిమీద పట్టీ కట్టి కుట్టి ఉంటే మిగతావి చూడటానికి ఓపిక పెట్టొచ్చు.

వరంగల్‌లో ఉండి కూడా జనం మంచి బ్యాగు కోసం ఎక్కడెక్కడో వెతుకుతుంటే నాకు నిజంగా బాధేస్తుంది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు మన ఓరుగల్లు తివాచీలు వెళ్లాయి. ఇక్కడి కొత్తవాడ మగ్గాల మీద నేసే దర్రీలకు, అంటే నేలమీద పరుచుకునే మందపాటి నూలు జంపఖానాలకు, 2018లో జీఐ గుర్తింపు (ఇది ఈ ప్రాంతపు సరుకే అని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. ఆ దర్రీ గుడ్డ బ్యాగుకు బాగా సరిపోతుంది: మందంగా ఉంటుంది, బరువుకు తేలిగ్గా సాగదు, పాతబడినా పొరలు పొరలుగా ఊడిపోదు. రెక్సిన్ బ్యాగు సంగతి అందరికీ తెలిసిందే, రెండు వానాకాలాలు గడిస్తే పైపొర పొట్టులా రాలి చొక్కాకు అంటుకుంటుంది.

గుడ్డను రెండు వైపులా చూడండి. నేతలోనే వచ్చిన డిజైన్ అయితే ముందూ వెనకా ఒకేలా కనిపిస్తుంది, అద్దకం వేసిందైతే వెనకవైపు వెలిసినట్టు ఉంటుంది. అద్దకం దర్రీలు కూడా ఇక్కడ చేస్తారు, అందులో మోసమేమీ లేదు, కాకపోతే నేసిన డిజైన్‌కు పెట్టే ధర దానికి పెట్టకండి. చేనేత అని చెప్పి అమ్ముతుంటే హ్యాండ్‌లూమ్ మార్క్ ట్యాగ్ ఉందేమో అడగండి, ఆ గుర్తు 2006 నుంచి ఉంది. తెల్ల చేతిరుమాలు తడిపి గుడ్డ మీద గట్టిగా రుద్దండి, రంగు దిగితే ఆ బ్యాగు మీ లేత రంగు బట్టల పక్కన ఉండకూడదు.

ఇప్పుడు అసలు చోటు, భుజానికి వేసుకునే పట్టీ. దీని దగ్గర ఎంత టైమ్ పెట్టినా తప్పులేదు, ఎందుకంటే మంచి బ్యాగులు కూడా ఎక్కువగా తెగేది ఇక్కడే. పట్టీ చివరను బ్యాగు పై అంచులో దూర్చి ఒక్క వరస కుట్టు వేసి వదిలేస్తే, కాజీపేటలో రైలెక్కే తొందరలో ఎవరిదో చెయ్యి తగిలి లాగినా తెగుతుంది, మేడారం జాతరకు బట్టలూ నీళ్ల సీసాలూ నింపుకుని వెళ్తే ఇక చెప్పక్కర్లేదు. సరైన పద్ధతి ఏంటంటే పట్టీ చివర బ్యాగు పక్క గుడ్డ మీదికి కనీసం రెండు అంగుళాలు దిగాలి, దాని చుట్టూ నాలుగు వైపులా కుట్టి మధ్యలో ఇంటూ గుర్తులా అడ్డంగా మరో రెండు కుట్లు వేయాలి, లోపలివైపు అదే చోట ఇంకో గుడ్డ ముక్క ఆసరాగా ఉండాలి. ఇంకా మంచివాళ్లు పట్టీని అడుగు దాకా దింపి అటువైపు నుంచి పైకి తెస్తారు, అప్పుడు బరువంతా పట్టీయే మోస్తుంది, గుడ్డ మీద పడదు. పట్టీకి నూలు నవారు అడగండి, ఒకటిన్నర అంగుళాల వెడల్పు చాలు. నైలాన్ బెల్టు గట్టిదే, కానీ భుజం మీద జారుతుంది, ఎండాకాలం చెమటకు ఒరుసుకుంటుంది.

కుట్టు దారం పాలిస్టర్‌దో నైలాన్‌దో ఉండాలి. నూలు బ్యాగుకు నూలు దారమే అందం అనిపిస్తుంది కానీ చెమటకు, ఎండకు అది ముందే చీకిపోతుంది.

జిప్పు రన్నర్ వెనక చాలాసార్లు ఒక అంకె ఉంటుంది. మూసినప్పుడు జిప్పు పళ్ల వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో ఆ అంకె సుమారుగా చెబుతుంది. లోపలి జేబుకు 5 సరిపోతుంది, పెద్ద నోటికి 8 లేదా 10 అడగండి. జిప్పు పోయిందని బ్యాగు పారేసేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది, చాలాసార్లు పోయేది రన్నర్ ఒక్కటే, రోడ్డు పక్కన బ్యాగులు బాగుచేసే అన్న దాన్ని కాసేపట్లో మార్చిస్తాడు.

తోలు బ్యాగు అయితే చూసే పద్ధతి వేరు. అంచు కోసిన చోట పీచులా కనిపించాలి, ప్లాస్టిక్ పొర, దాని కింద గుడ్డ కనిపిస్తే అది తోలు కాదు. పైన చర్మరంధ్రాలు ఒక తీరుగా కాకుండా అక్కడక్కడా మారుతూ ఉంటాయి, అంతటా అచ్చు గుద్దినట్టు ఉంటే అనుమానించండి. ‘జెన్యూన్ లెదర్’ అని రాసి ఉన్నంత మాత్రాన అది మేలురకం అని అర్థం కాదు. తోలు మీద కుట్లు మరీ దగ్గరగా ఉంటే స్టాంపుల షీటులా ఆ గీత వెంటే చిరుగుతుంది, మందపాటి తోలుకు అంగుళానికి ఏడెనిమిది కుట్లు చాలు. ఇంకో మాట, మనం బతుకమ్మలో పేర్చే తంగేడు ఉంది కదా, దాని బెరడుతోనే దక్షిణాదిలో తరతరాలుగా తోళ్లు ఊనేవారు, అంటే పచ్చితోలు కుళ్లకుండా పదును చేసేవారు. బెరడు, కరక్కాయ లాంటివాటితో ఊనిన తోలు వాడేకొద్దీ రంగు ముదిరి ఇంకా బాగుంటుంది. దొరికితే వదలకండి.

దర్రీ గుడ్డ కొని మీరే కుట్టించుకోవాలంటే మామూలు జాకెట్లు కుట్టే మిషన్ దగ్గరికి వెళ్లకండి, అన్ని మడతల్లోకి సూది దిగదు. సీటు కవర్లు, బ్యాగులు కుట్టే బరువు మిషన్ ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లండి. గుడ్డను కత్తిరించే ముందే నీళ్లలో నానబెట్టి ఆరేయండి, నూలు కాబట్టి కుంచించుకుపోతుంది. పేక పోగు, అంటే అడ్డంగా నేసే పోగు, మందం కాబట్టి అంచు తొందరగా విడిపోతుంది, కుట్టు లోపల ముప్పావు అంగుళం వదలమని చెప్పండి. ల్యాప్‌టాప్ కోసమైతే ల్యాప్‌టాప్‌నే తీసుకెళ్లండి, 15.6 అంగుళాలు అనేది స్క్రీన్ మూల నుంచి మూలకు ఉండే కొలత, ఆ లెక్కతో కుట్టిస్తే బ్యాగు వదులైపోతుంది. అడుగున అట్ట పెడతామంటే ఒప్పుకోకండి, ఒక్క వానకే ఉబ్బి మెత్తబడుతుంది, దాని బదులు పల్చటి ప్లాస్టిక్ షీటు పెట్టి బయటికి తీసుకునేలా కుట్టమనండి. లోపలి గుడ్డ లేత రంగులో పెట్టించుకుంటే తాళంచెవి కోసం తడుముకునే టెన్షన్ ఉండదు.

బేరం ఆడేముందు ఒక్క ప్రశ్న అడగండి: పట్టీ ఊడితే మళ్లీ మీరే కుట్టిస్తారా? కుట్టినవాళ్లే ఎదురుగా ఉంటే తెస్తే వెంటనే చేసిస్తామంటారు, అలా అన్నవాళ్ల దగ్గర నేను ధర తగ్గించమని అడగను. మిగిలిన దర్రీ ముక్క ఒకటి, అదే రంగు దారం కొంచెం అడిగి తెచ్చుకుని బ్యాగు లోపలి జేబులోనే పెట్టుకోండి, ఎప్పుడైనా అతుకు వేయాల్సి వస్తే రంగు కలిసే గుడ్డ కోసం తిరగక్కర్లేదు.