రొయ్యల గుంటలో పీహెచ్: ఆ అంకె ఏ పూటది?

"పీహెచ్ 8.2 ఉందన్నా, బాగానే ఉన్నట్టేగా?" అని ఫోన్ వస్తుంది. నేనడిగే మొదటి మాట, ఏ పూట చూశావని. ముత్తుకూరు నుంచి కొత్తపట్నం దాకా మన కోస్తా గుంటల్లో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) తంటాలు సగం ఇక్కడే తేలిపోతాయి.

ఎండ ఉన్నంతసేపూ నీటిలోని ప్లాంక్టన్, అంటే నీళ్లను పచ్చగా చేసే సూక్ష్మ నాచు, కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంటుంది, పీహెచ్ ఎక్కుతుంది. రాత్రి గుంటలో ఉన్న ప్రాణులన్నీ ఆ వాయువును వదిలేవే, కాబట్టి దిగుతుంది. తెల్లారి ఆరుకొకసారి, మధ్యాహ్నం మూడున్నరకొకసారి చూసి పక్కపక్కన రాసుకోండి. రెండూ 7.5, 8.5 మధ్య ఉండి తేడా అర పాయింట్ దాటకపోతే సున్నం బస్తా జోలికి పోవద్దు.

అంకె రోజూ కదలడం లేదు

గుంటను కాదు, మీటర్‌ను అనుమానించండి. పెన్ మీటర్ కొనలోని గాజు బుడ్డి ఎండిపోతే ఏదో ఒక అంకె చూపిస్తూనే ఉంటుంది. వారానికోసారి పీహెచ్ ముందే తెలిసిన 7, 10 బఫర్ ద్రావణాల్లో ముంచి సరిచేసుకోవాలి.

తెల్లారి 7.8, మధ్యాహ్నం 9.2

నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా ఉంటాయి. చేయి ముంచితే మోచేయి మునగకముందే వేళ్లు మాయమవుతాయి. కారణాలు రెండు: మేత ఎక్కువై ప్లాంక్టన్ బలిసింది, దాన్ని తట్టుకునే ఆల్కలినిటీ, అంటే పీహెచ్ ఊగిపోకుండా పట్టి ఉంచే గుణం, నీటిలో లేదు. అసలు భయం మిగిలిన మేత, రెట్టల నుంచి పుట్టే అమోనియాతో. పీహెచ్ 8 దగ్గర మొత్తం అమోనియాలో పదో వంతు కూడా విషరూపంలో ఉండదు, 9 దగ్గర దాదాపు నలభై శాతం విషమే.

నేనొకసారి ఇలాంటి రోజే, మిట్టమధ్యాహ్నం, షాపులో చెప్పారని తడిపిన సున్నం చల్లాను. ఆ సున్నం పీహెచ్‌ను ఇంకా పైకి నెట్టేదే. సాయంత్రం చెక్ ట్రే (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) ఎత్తితే వేసిన మేత వేసినట్టే ఉంది, ట్రే అంచున నాలుగు రొయ్యలు వెల్లకిలా.

చేయాల్సింది వేరు. మేత తగ్గించండి. బెల్లం మడ్డిని ప్రోబయాటిక్‌తో (మేలుచేసే బ్యాక్టీరియాతో) పులియబెట్టి పొద్దున్నే చల్లి, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆపకుండా తిప్పండి. బ్యాక్టీరియా వదిలే కార్బన్ డయాక్సైడ్ పీహెచ్‌ను దించుతుంది, కాకపోతే ఆక్సిజన్‌ను కూడా ఆ బ్యాక్టీరియాయే తింటుంది. కాలువ నీళ్లు బాగుంటే కొంత మార్చండి. మందు కొట్టి ప్లాంక్టన్‌ను ఒక్క దెబ్బకు చంపితే మాత్రం ఆ రాత్రే ఆక్సిజన్ పడిపోతుంది.

సున్నం వేసినా ఆల్కలినిటీ పెరగడం లేదు

వ్యవసాయ సున్నం, డోలమైట్ పీహెచ్ 8.3 దాటిన నీటిలో దాదాపు కరగవు. తెల్లటి పొడిగా అడుగున పడి ఉంటాయి, డబ్బులు బురదపాలు. అలాంటప్పుడు సోడియం బైకార్బోనేట్, అంటే మన వంటసోడాయే, మేలు. ఎకరం గుంటలో నాలుగడుగుల నీళ్లుంటే ఆల్కలినిటీ 10 పీపీఎం (లీటరుకు 10 మిల్లీగ్రాములు) పెరగడానికి సుమారు 80 కిలోలు పడుతుంది. వందకు తగ్గకుండా చూసుకుంటే నాకు టెన్షన్ ఉండదు.

వాన పడ్డాక పడిపోయింది

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఇదే గోల. శుభ్రమైన వాన నీటి పీహెచ్ సుమారు 5.6. పైగా మంచినీళ్లు తేలిక, ఉప్పునీటి మీద పొరలా తేలతాయి. గట్ల మీద మట్టి కడుక్కుని వచ్చే నీళ్లు దానికి తోడు. మబ్బు పట్టగానే గట్లకు వ్యవసాయ సున్నం చల్లి ఉంచండి, వాన పడుతుండగానే పై నీళ్లు తూము గుండా వదలండి, ఏరేటర్లు తిప్పండి. రొయ్య గుల్ల మెత్తబడితే మేత తగ్గించి, పీహెచ్ కోలుకునేదాకా ఆగాలి.

ఈ రోజుల్లోనే అడుగు బురద కూడా చూడండి. గుప్పెడు తీస్తే నల్లగా ఉండి కుళ్లిన గుడ్డు వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్. దీని లెక్క అమోనియాకు తలకిందులు, పీహెచ్ దిగేకొద్దీ విషం పెరుగుతుంది. అందుకే వాన వెలిసిన తెల్లారి 7.2 చూపిస్తే, మధ్యాహ్నానికి అదే ఎక్కుతుందిలే అని వదిలేయకుండా గుంట మధ్య కాలువలో చేరిన బురదను పంపుతో తోడించేస్తాను.